రెండు పార్టీల గుడ్డ కింద లిల్లీలు

ఊటీలో నర్సుగా పనిచేసే మా అక్క సెలవులకు వస్తూ నాలుగు లిల్లీ గడ్డలు తెచ్చింది. బాకాల్లాంటి పొడవాటి తెల్లపూలు పూసే రకం. తెల్లగడ్డల్లాగే రెబ్బలు రెబ్బలుగా ఉండేసరికి మా ఆయన ఒకటి తీసి రోట్లో వేయబోయాడు. వేసి ఉంటే నేను ఊరుకునేదాన్ని కాదు. ఆ గడ్డలు తెప్పించింది మా అత్త కోసం.

చిన్నప్పుడు మా అత్త జమ్మలమడుగులో ఒక దొరసాని బంగళాలో ఈ పూలచెట్లకే నీళ్లు మోసింది. నీళ్లు పోయొచ్చు, పూలు ముట్టకూడదు. ఈస్టరుకు అవన్నీ చర్చిలో బల్ల మీదికి పోయేవి. ఇప్పుడు ఆమెకు చూపు పూర్తిగా పోయింది. ఒకరోజు అన్నం తింటూ, "ఆ వాసన ఎట్లుంటాదో మర్చిపోయినా మే" అంది. ఆమెకు తిట్టడం తప్ప అడగడం రాదు. అందుకే ఆ మాట నాకు గుచ్చుకుంది. గడ్డలు నాటుతుంటే మాత్రం, "ఈ ఎండకు యాడ బతుకుతాయే, నీకు పనిలేక" అని తిట్టింది.

మాది సింహాద్రిపురం దగ్గర పల్లె. నేను అక్కడి బడిలో టీచరును. పైవీధిది ఒక పార్టీ, కిందివీధిది ఇంకో పార్టీ, మధ్యలో మా పేట, మా చర్చి, మా ఓట్లు. ఇద్దరికీ ఒకే ఎత్తులో నమస్కారం పెట్టడం మాకు ఉగ్గుపాలతో నేర్పిన విద్య. ఒక వీధి కొట్లో టీ తాగితే రెండో వీధి కొట్లోనూ తాగాలి. ఆ విధంగా మా ఆయనకు నిద్ర పట్టేది కాదు.

మార్చి వచ్చేసరికి లిల్లీ ఆకులు అంచుల్లో మాడడం మొదలైంది. పంచాయతీ ఎన్నికలు అప్పుడే అయ్యాయి. మా ఆయన ఎక్కడో వేలాడుతున్న పైవీధి వాళ్ల బ్యానరు గుడ్డ తెచ్చి, నాలుగు కట్టెలు పాతి నీడ కట్టాడు. మర్నాడు పొద్దున్నే కిందివీధి వాళ్లు వాకిట్లో ఉన్నారు.

"ఏం టీచరమ్మా, పార్టీ మారినావంట?"

"చెట్లకు నీడప్పా."

"ఏం, మా గుడ్డ నీడ ఇయ్యదా?"

వాళ్ల బ్యానరు తెచ్చి పైన కప్పి పోయారు. మధ్యాహ్నానికి పైవీధి వాళ్లు దిగారు. "మా నెత్తిన వాళ్ల గుడ్డ ఏందమ్మా?" అన్నారు. కత్తిరిస్తే అదొక గొడవ. అందుకని రెండింటినీ సగానికి మడిచి, పక్కపక్కన పెట్టి కుట్టాను. అతుకు సరిగ్గా నడిమికి వచ్చింది. ఇటు రెండు చెట్లు, అటు రెండు చెట్లు. ఊళ్లో అందరికంటే తెలివైనదాన్నని ఆ పూట నాకు గట్టి నమ్మకం.

ఆ పూటతోనే చెట్లకు పార్టీలు వచ్చాయి. ఎవరి చెట్టు ముందు మొగ్గ వేస్తుందోనని రెండు వీధులూ గోడ మీదికి వంగి చూసేవి. వీళ్లు చెంబుతో నీళ్లు పోస్తే వాళ్లు బిందెతో పోశారు. ఒకరు ఎరువని చెనిక్కాయల చెక్క వేశారు, ఇంకొకరు యూరియా చల్లారు. "నీళ్లెక్కువైతే గడ్డ కుళ్లుతాదప్పా" అని మొత్తుకున్నాను. "మా చెట్టు ఎండిపోవాల్నని చూస్తాండావా?" అని నన్నే గద్దించారు. పది రోజుల్లో మూడు కుళ్లిపోయాయి. చంపింది మీరంటే మీరని వీధిలో కట్టెలు లేచాయి. ఎస్సై వచ్చి చూసి, మిగిలిన ఒక్క చెట్టుకు కానిస్టేబుల్‌ను కాపలా పెట్టాడు. ఉద్యోగంలో చేరాక పూలమొక్కకు పికెట్ కాయడం ఇదే మొదలని ఆ కానిస్టేబుల్ నాతో దిగులుగా చెప్పాడు.

ఆ చెట్టు ఒక్క మొగ్గ వేసింది. ఈస్టరు రోజు మా ఓట్లన్నీ చర్చిలోనే ఉంటాయి కాబట్టి, ఆ పూవును అక్కడి బల్ల మీదికి ఎవరు మోసుకురావాలని మళ్లీ పంచాయితీ. చివరికి రెండు వీధుల పెద్దలిద్దరూ పళ్లేనికి చెరో పక్క పట్టుకుని తెచ్చేట్టు ఒప్పుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అది మా అత్తకని నేనూ చెప్పలేదు. మా పేట ఇళ్లన్నీ ఆ రెండు వీధుల మధ్యే ఉన్నాయని భయపడ్డాను. ఇప్పటికీ దానికి సిగ్గుపడతాను.

ఈస్టరు పొద్దున లేచేసరికి ఇల్లంతా వాసన. అత్త మంచం ఖాళీగా ఉంది. పరుగెత్తి చూస్తే ఆమె పెరట్లో నిలబడి, పూవులో ముక్కూ నోరూ దాచేసి ఉంది. కానిస్టేబుల్ ఆమె చేతికర్ర పట్టుకుని పక్కన నిలుచున్నాడు. నేను నోరు తెరిచేలోపే అత్త కాడ తెంపేసింది.

"అత్తా! వాళ్లకేం చెప్పాల?"

"నేనే తెంపినానని చెప్పు. ముసల్దాన్ని నరుకుతారా?"

తెంపి కొప్పులో పెట్టుకుంది. ఆమె కొప్పుకు అది శానా పెద్దది, పక్కకు వాలి చెవి మీద పడింది. చర్చి వాకిలి దగ్గర ఇద్దరు పెద్దలు ఖద్దరు బట్టల్లో పళ్లెం కోసం ఎదురుచూస్తున్నారు. అత్త నా చేయి పట్టుకుని వాళ్ల మధ్యలోంచి నడిచింది. ఒకాయన పక్కకు జరిగాడు. తాను జరగకపోతే మర్యాద తక్కువవుతుందని రెండో ఆయనా జరిగాడు. అత్త నేరుగా ముందు బెంచీలో కూర్చుంది. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఖాళీ బల్ల చూసి పాస్టరయ్య దగ్గరికొచ్చి, "అవ్వా, ఆ పూవు దేవునికి ఇస్తావా?" అని మెల్లగా అడిగాడు.

"దేవునికి శానా తోటలుండాయిలే అయ్యా" అంది మా అత్త. "ఇది నాది."