చెంబు కడిగిన నీళ్లు

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మా కాలంలో పాలు పోసే ఇంటి ఆడపిల్లను బడికి పంపేవాళ్లు కాదు. కోడలు పలక పెట్టి నేర్పింది. ఆ తర్వాత మా బర్రెల గురించి, బాపు గురించి రెండు నోటుబుక్కులు నింపాను. ఇది మాత్రం దాటేస్తూ వచ్చాను.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నాకు పదేళ్లు. హైదరాబాద్ మొఘల్‌పురాలో ఒక నవాబు గారి పెద్ద దేవిడీకి మా పాలు వెళ్లేవి. జనానాలోకి మగవాళ్లు పోకూడదు కాబట్టి బాపు గుమ్మం దగ్గరే ఆగితే, నేను చెంబు పట్టుకుని లోపలికి వెళ్లేదాన్ని. వరండాలో గాజు తొట్టి, అందులో బొంబాయి నుంచి తెప్పించిన బంగారు చేపలు మూడు. ఒకదాని తోక దుపట్టా కొంగులా పరుచుకునేది. ఒకటి నల్లది, కళ్లు బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. మూడోది ఎర్రగా, కోడిగుడ్డులా గుండ్రంగా ఉండేది. వాటిని చూసుకునే, నా దగ్గర పాలు పోయించుకునే పనిమనిషి ఒక తెలుగు ముసలమ్మ. రోజూ నీళ్లు మార్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చూపించేది.

ఒకరోజు పొద్దున ఆమె నీళ్లు మార్చి లోపలికి వెళ్లింది. చూస్తే గుండ్రటి చేప అడుగున ఒరిగి ఉంది. మా ఇంట్లో దూడ నీరసపడితే పాల చెంబు కడిగిన నీళ్లు తాగిస్తారు. ఆ నీళ్లు చుక్క కూడా పారబోయరు. చెంబు అడుగున మిగిలిన పాలలో నీళ్లు కలిపి, కడిగి, తొట్టిలో పోశాను. తెల్లగా పొగలా దిగి కలిసిపోయాయి. మంచి పని చేశానని సంబరంగా వచ్చేశాను.

సాయంత్రం పాలు పోయడానికి వెళ్లేసరికి మూడు చేపలూ వెల్లకిలా తేలుతున్నాయి. నీళ్లు వాసన వేస్తున్నాయి. నీళ్లు మార్చనేలేదని బేగం సాహెబా ముసలమ్మను నిలబెట్టి కోప్పడుతున్నారు, రేపటి నుంచి పనికి రావద్దంటున్నారు. ముసలమ్మ నన్ను చూసి ఊపిరి పీల్చుకుంది.

"బిడ్డా, పొద్దుగాల నువ్వు ఈడనే ఉన్నవ్ గదా. నేను నీళ్లు మార్చిన్నా లేదా, జర చెప్పు."

అవునంటే, మరి నీళ్లెట్లా చెడిపోయాయని అడుగుతారు. మా పాలు మానేస్తారు. బాపు కొడతాడు.

"నేను సూడలే అవ్వా" అన్నాను.

ఆ ఒక్క మాట ఇక్కడ రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది.

ఆమె తిట్టలేదు. "గట్లనా బిడ్డా" అని, కొంగుతో చేతులు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున మళ్లీ అక్కడికే వెళ్లాను. పాలగిన్నె తెచ్చింది వేరే ఆమె. అవ్వ ఏదని అడగలేదు. పాలు పోసి, చెంబు కడిగి, ఆ నీళ్లు మోరీలో పారబోసి వచ్చాను.