మందలన్నిటికీ చెప్పాకే ముద్ద

మునగాల బస్టాండు ఎదురుగా నాది జిరాక్సు షాపు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మండలమంతటికీ తెలుసు. ఉప్పలయ్య మీద మాత్రం ఎన్నడూ రాలేదు, ఆ మంగళవారం దాకా.

ముప్పై ఏళ్లుగా హైవే పక్కన మంద తోలుతున్న మనిషి. ఒక్క గొర్రెను లారీ కింద పడనివ్వలేదు. ఆ రోజు మధ్యాహ్నం వచ్చి, ఫోన్ నా ముందు పెట్టాడు.

"ఏం మెసేజ్ వచ్చిందో జర సదువు బిడ్డా."

చదివాను. ఖాతాలోంచి నలభై వేలు పోయాయి, గంట క్రితమే.

"ఎవరికి పంపినవ్ పెద్దనాయినా?"

ఆయన కూలబడ్డాడు. భార్య బుచ్చమ్మ కళ్లకు వచ్చే వారం సూర్యాపేట దవాఖానాలో ఆపరేషన్. పొట్టేళ్లను అమ్మి దానికోసమే దాచిన డబ్బు అది. పొద్దున ఎవడో ఫోన్ చేసి, చచ్చిన గొర్రెలకు ఇన్సూరెన్సు వచ్చింది, చెవి ట్యాగు నంబర్లు చెప్పమన్నాడట. గొర్రె చచ్చినప్పుడల్లా డాక్టరుకు ఆ నంబర్లు చెప్పడం ఈయనకు అలవాటే. చెప్పాడు. తర్వాత ఏటీఎం కార్డు నంబరు అడిగితే అదీ చెప్పాడు. ఫోన్‌లోకి వచ్చిన ఓటీపీ కూడా చదివి వినిపించాడు.

"సారు ట్యాగు నంబర్లడిగిండు గద, ఆఫీసోడే అనుకున్న."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"తిట్టు బిడ్డా. మీ పెద్దమ్మకు మాత్రం జెప్పకు. ముప్పై ఏండ్లు మంద కాసినోన్ని, ఇజ్జత్ పోతది. రేపు మెల్లగ బ్యాంకుకు పోత."

రేపట! ఒళ్లు మండిపోయింది.

"నీ గొర్రెను దొంగ ఎత్తుకపోతే రేపటిదాక ఆగుతవా?"

"ఎట్లాగుత? అప్పుడే అడుగులు వట్టుకొని పోవాలె. తెల్లారితే సంతల అమ్ముడువోతది."

"మరి పైసలకు వేరే లెక్కనా?"

నేను సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ కలిపాను. పేరు, బ్యాంకు, ఎంత పోయింది, ఎన్ని గంటలకు, మెసేజ్‌లో ఉన్న నంబరు, అన్నీ అడిగి రాసుకున్నారు. ఫిర్యాదు నంబరు మెసేజ్‌గా వచ్చింది. బ్యాంకుకు చెప్పి కార్డు బంద్ చేయించాను. బ్యాంకు పుస్తకం జిరాక్సులు తీసి ఇచ్చి, పోలీస్ స్టేషన్‌కు కూడా వెంట పోయాను. "ఫీజు కడితే నీ పైసలు తెప్పిస్తమని మల్ల ఎవడన్నా ఫోన్ జేస్తే ఎత్తకు" అని దారంతా చెప్పాను. దొంగ ఖాతాలో ఇరవై ఆరు వేలు ఆపగలిగారని రెండు రోజులకు తెలిసింది. అవి చేతికి రావడానికి ఇంకా కాగితాల పని ఉంది. మిగతావి అప్పటికే చేతులు మారాయి.

కానీ నాకు మరపురానిది ఆ మంగళవారం సాయంత్రమే. స్టేషన్ మెట్లు దిగుతూ, చాయ్ తాగు, బిస్కెట్ తిను అన్నాను. వద్దన్నాడు.

"మందకు దొంగ తగిలితే సుట్టుపక్కల మందలోల్లకు జెప్పందే ముద్ద ముట్టొద్దు బిడ్డా. మా కట్టడి."

"మరి ఇజ్జత్?"

"దొంగ వాల్ల మందల కూడ వడతడు గద."

నేను ఒక్కో నంబరు కలిపి ఇచ్చాను. గొర్రెలను పిలిచే గొంతుతోనే అందరికీ చెప్పాడు. మూడో ఫోన్ పక్క మంద కాసే మంగయ్యది.

"ఆగు మామా, ఇన్సూరెన్సు సారు ఇంకో ఫోన్ల ఉన్నడు, నంబర్ జెప్తున్న."

"కట్ జెయ్‌రా! వాడే! వాడే దొంగ!"

రోడ్డు మీద జనం ఇటు తిరిగి చూశారు. మంగయ్య ఆ రెండో ఫోన్ కట్ చేశాడు. ఉప్పలయ్య అక్కడే గోడకు ఆనుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత ఇంటికి కలపమన్నాడు.

"నీ కండ్ల పైసలు పోగొట్టిన బుచ్చమ్మా" అని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది.

బుచ్చమ్మ ఒక్కటే అడిగింది.

"మందలోల్లందరికి జెప్పినవా?"

"జెప్పిన."

"అయితే తిననీకె రా."