పెద్దాయన దవడ

మా బావ కట్టుడుపళ్ళు చేస్తాడు. డాక్టరు కాదు. డాక్టరు నోటి అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చులో తెల్లముద్ద పోసి దవడ తీసి, దాని మీద మైనంతో చిగుళ్ళు కట్టి, పళ్ళు ఒక్కొక్కటే నాటి, అరగదీసి, అద్దంలా మెరిపించి పంపే మేస్త్రీ. ఆయన పనిగది అక్క వంటగదిని ఆనుకునే ఉంటుంది. అలమారా నిండా దవడలే. కొత్తవాళ్ళెవరైనా పొరపాటున ఆ తలుపు తీశారా, ఊరు ఊరంతా ఒక్కసారిగా పళ్ళికిలించినట్టు ఉంటుంది. గ్యాసుబండ తెచ్చినవాడు ఒకసారి అలాగే తీసి, బండ అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఇంకా పరిగెత్తుతూనే ఉన్నాడని నా అనుమానం.

నేను పక్క వాటాలోనే ఉంటాను. ఇవతల నేను దగ్గితే అవతల అక్క “నీళ్ళు తాగవే” అంటుంది, అంత దగ్గర. కాబట్టి ఇందులో నేను విననిదీ చూడనిదీ పెద్దగా లేదు. కొంచెం పెంచి చెప్తానంటారు, అది వేరే సంగతి.

బావకి ఒపెరా పిచ్చి. ఒపెరా అంటే నాటకమేనట, కాకపోతే అందులో ఎవరూ మాట్లాడరు, అంతా పాడటమే. తలుపు తియ్యమనాలన్నా పాటే. కత్తిపోటు తిన్నవాడు కూడా పావుగంట పాడి, చప్పట్లు కొట్టించుకుని, అప్పుడు గానీ ప్రాణం వదలడు. బావకి ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా పాత సామాన్ల కొట్లో మూత పోయి, మీట విరిగిన రికార్డు ప్లేయరు ఒకటి సంపాదించి, పళ్ళు అరగదీస్తున్నంతసేపూ వింటూనే ఉంటాడు. ఆయన దగ్గరున్న రికార్డుల్లో ఆయన ప్రాణమంతా ఒక్కదాని మీదే. మిగతావాటికంటే మందంగా, బరువుగా, రాతి పళ్ళెంలా ఉంటుంది. మధ్యనున్న కాగితం మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. అంచు కాస్త ఊడితే, కట్టుడుపళ్ళ చిగుళ్ళకి వాడే గులాబీరంగు ముద్ద పెట్టి పూడ్చాడు. చిగురున్న రికార్డు ప్రపంచంలో అదొక్కటే అయ్యుంటుంది.

దాన్ని పెడితే ఒక మగగొంతు వచ్చేది. గొంతా అది! కొండ గుహలో ఏనుగు కూర్చుని ఏడుస్తున్నట్టు ఉండేది. మా గోడ సున్నం సగం దానికే రాలింది. బావ ఆ పాడేవాణ్ణి పెద్దాయన అనేవాడు.

“మీ కన్నతండ్రిని కూడా ఇంత ప్రేమగా పెద్దాయన అన్లేదండీ మీరు” అనేది అక్క.

“మా నాన్న ఇలా పాడాడా?”

“పాడకపోతేనేం, మీకు అన్నం పెట్టాడు.”

“నీకు అర్థం కాదులే. విను... పెళ్ళాం పోయింది పాపం. ఒంటరిగా సముద్రం ఒడ్డున నిలబడి పిలుస్తున్నాడు.”

“భాష రాదుగా బావా, పెళ్ళాం పోయిందని ఎలా తెలిసింది?” అని నేను.

“గొంతు చెప్తుంది మరదలా. గొంతంటే ఎక్కడో ఆకాశంలోంచి ఊడిపడేది కాదు, దవడలో పుట్టేది. ఈ గొంతు వెనక దవడ ఇంత వెడల్పు. ముందుపళ్ళ మధ్య సందుంది. మనిషి ఆరడుగుల పైమాటే.”

చెప్పి ఊరుకుంటే బాగుండేది. పాట వింటూ వింటూ ఆ దవడ చేసేశాడు! తెల్లముద్దతో, పైవరసా కిందివరసా, ముందు సందుతో సహా. గుర్రానికి కూడా వదులయ్యేంత దవడ. పళ్ళ కోసం వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

మా వీధి చివర గ్రంథాలయంలో ఆదివారం సాయంత్రాలు రికార్డులు వినే సభ ఒకటి జరుగుతుంది. పియానో నేర్పే టీచరమ్మ నడుపుతుంది. వారానికొకరు తమకి ఇష్టమైన గాయకుడి రికార్డు తెచ్చి, ఎందుకిష్టమో నాలుగు మాటలు చెప్పి, అందరికీ వినిపించాలి. పాట నడుస్తుండగా ఎవరైనా మాట్లాడితే టీచరమ్మ చూసే చూపుకి పాలు విరిగిపోతాయి. అక్కడికొచ్చేవాళ్ళంతా వకీళ్ళు, డాక్టర్లు, ఇంట్లో పుస్తకాల బీరువాలున్నవాళ్ళు. బావ చాన్నాళ్ళు తలుపు పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. ఒక్కరూ పలకరించేవాళ్ళు కాదు, బాకా మాస్టారు తప్ప.

బాకా మాస్టారు ఒకప్పుడు బ్యాండులో బాకా ఊదేవాడు. పళ్ళూడిపోయి ఊదడం మానేస్తే, మా బావే ఎన్నోసార్లు అరగదీసి, సరిచేసి, ఊదడానికి పనికొచ్చే సెట్టు చేసిపెట్టాడు. మళ్ళీ బాకా మోగిన రోజు ఆ ముసలాయన మా గుమ్మంలో నిలబడి బావ రెండు చేతులూ పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఇద్దరూ పక్కపక్క కుర్చీలే. బావకి సభలో వంతు ఇప్పించిందీ ఆయనే.

వంతు వచ్చిందని తెలిసినప్పట్నుంచి బావ కాళ్ళు నేల మీద లేవు. “వకీలు గారు కూడా వింటారు మరదలా, పెద్దాయన్ని! నేను తెచ్చిన పెద్దాయన్ని!” అని ఒకటే గోల. పెళ్ళినాటి కోటు బయటికి తీశాడు. బొత్తాలు పట్టకపోతే అక్క కూర్చుని జరిపి కుట్టింది. రికార్డు దుమ్ము పట్టి ఉందని బాకా మాస్టారు తీసుకెళ్ళి కడిగి, ఆరబెట్టి, మర్నాడు తెచ్చిచ్చాడు. ఆయనింట్లో వినడానికి ప్లేయరు లేదు గానీ రికార్డులు కడగడంలో ఆయన్ని మించినవాడు లేడు.

ఆ ఆదివారం నేనూ అక్కా కూడా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నాం. బావ లేచి, తెచ్చిన సంచీలోంచి ఆ తెల్ల దవడ తీసి, ప్లేయరు పక్కన బల్ల మీద పెట్టాడు. అక్క తలపట్టుకుంది.

“ఈ పెద్దాయన పేరు నాకు తెలీదండీ. కానీ మనిషి తెలుసు” అని మొదలుపెట్టి, పోయిన పెళ్ళాం, సముద్రం, ముందుపళ్ళ సందు, అన్నీ చెప్పాడు. బాగానే చెప్పాడు, అబద్ధమెందుకు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది.

వకీలు గారు అడిగాడు, “పళ్ళు చూసి వయసు చెప్తారని విన్నాం. పాట విని పళ్ళు చెప్తారా మీరు?”

“చెప్తానండీ. నా చెవి తప్పదు.”

టీచరమ్మ రికార్డు చేతిలో తిప్పి చూసి, తన ప్లేయరు మీట ఒకటి అలవాటుగా జరిపి, సూది పెట్టింది.

ఆడగొంతు వచ్చింది.

ఆడగొంతంటే మామూలుగా కాదు. గవ్వలు మెట్ల మీంచి దొర్లుతున్నట్టు, గలగలా, కిచకిచా, ఎవర్నో ఆటపట్టిస్తున్న పడుచుపిల్ల గొంతు. మధ్యలో పకపకా నవ్వింది కూడా. వెనక వాయిద్యాలు ఆ పిల్ల వెంట పరుగో పరుగు. బల్ల మీద ఆ గుర్రపు దవడ నోరు తెరుచుకుని చూస్తోంది.

“పెద్దాయన పెద్దమ్మ అయ్యాడేం!” అన్నాడెవరో. ఇంకేం, హాలు హాలంతా గొల్లుమంది. పాట నడుస్తుండగా ఆ హాల్లో నవ్వు వినబడటం అదే మొదలట. టీచరమ్మ కూడా చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ మొహం ముందు ఎర్రబడింది, తరవాత తెల్లబడింది.

“ఆపండి. ఇది నా రికార్డు కాదు” అన్నాడు. చుట్టూ చూశాడు. చూపు బాకా మాస్టారి మీద ఆగింది. “మాస్టారూ, నా రికార్డేదీ?”

“అదేనయ్యా. నీ చేతికే ఇచ్చాగా.”

“ఇది కాదు. కడుగుతానని పట్టుకెళ్ళి మార్చేశారు. అంత మంచిది నా దగ్గరెందుకు అనుకున్నారు. దొంగతనం చేశారు మాస్టారూ మీరు!”

నవ్వు ఆగిపోయింది. అక్క నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

బాకా మాస్టారు మెల్లగా లేచాడు. “నా నోట్లోవి కూడా నీవేగా నాయనా. ఇవి మారాయో లేదో చూసుకో” అని, అందరి ముందూ పళ్ళసెట్టు తీసి, రుమాల్లో తుడిచి, ఆ తెల్ల దవడ పక్కన పెట్టాడు. పెదాలు లోపలికి పోయాయి. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ముసలాడైపోయాడు. చేత్తో నోరు కప్పుకుని బయటికి వెళ్ళిపోయాడు.

టీచరమ్మ రికార్డు తీసి దీపం కింద పట్టుకుంది. “మేస్త్రీ గారూ, ఈ అంచు దగ్గర గులాబీరంగులో ఏమిటిది?”

బావ దగ్గరికెళ్ళి చూశాడు. ఎవరిదో అడగాల్సిన పన్లేదు. ఆయన కలిపిన ముద్ద, ఆయన మెరుగు పెట్టిన చిగురు.

“మీ ఇంట్లో ప్లేయరు ఏ వేగంలో పెడతారు?”

“పెట్టనండీ... మీట విరిగిపోయింది. ఎలా తిరిగితే అలాగే.”

ఆవిడ “ఇవి పాతకాలపువి, గబగబా తిరగాలి” అని మాత్రం చెప్పి, నెమ్మదిగా తిరిగేలా మీట వెనక్కి జరిపి సూది మళ్ళీ పెట్టింది. వచ్చేశాడు మా పెద్దాయన. అదే ఏనుగు, అదే గుహ. పెళ్ళాం పోయి సముద్రం ఒడ్డున ఏడుస్తున్నవాడు ఎక్కడా లేడు. ఒక ఆకతాయి పిల్ల నవ్వుతూ పాడిన పాటే కాళ్ళీడ్చుకుంటూ నడుస్తోంది, అంతే. ఈసారి మాత్రం ఒక్కరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. అందరూ నేలకేసి చూస్తూ కూర్చున్నారు, ఎవరిదో గుడ్డ ఊడిపోయినట్టు.

బావ ఆ పళ్ళసెట్టు చేతుల్లో పెట్టుకుని అట్నుంచి అటే మాస్టారింటికి బయల్దేరాడు. వెనక మేమిద్దరం. తలుపు ఓరగా తీసి ఉంది. మాస్టారు రొట్టె పాలల్లో నానేసుకుని, అది మెత్తబడటం కోసం ఎదురుచూస్తున్నాడు.

“మాస్టారూ, తప్పైపోయింది. రికార్డు నాదే. నా ప్లేయరే తప్పు తిప్పుతోంది. కావాలంటే చెంపలు వాయించండి. ఇవి పెట్టుకోండి ముందు.”

మాస్టారు తలెత్తలేదు. “అక్కదన్నావు” అన్నాడు. పళ్ళు లేక మాట మెత్తగా జారిపోతోంది. “అక్కదే తీఫుకో.”

అక్కడన్న మాట అక్కడే వెనక్కి తీసుకోమంటున్నాడు.

“అలాగే మాస్టారూ, చెప్తాను. పళ్ళు మాత్రం...”

“ఫల్లు కూదా అక్కదే.”

ఇంకెప్పుడైనా అయితే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. అప్పుడు నవ్వు రాలేదు.

ఆ వారమంతా మాస్టారింట్లో బాకా మోగలేదు. పళ్ళసెట్టుని బావ గిన్నెలో నీళ్ళు పోసి కిటికీలో పెట్టాడు. గంటకోసారి నీళ్ళు మార్చేవాడు, అవేవో చేపలైనట్టు. బజారుకి వెళ్ళడం మానేశాడు. వెళ్ళిన ఒక్కసారీ కూరగాయలావిడ “బీరకాయ మగదియ్యనా, ఆడదియ్యనా?” అని అడిగిందట. సంచీ అక్కడే పడేసి వచ్చేశాడు. ప్లేయరు మీద దుప్పటి కప్పేశాడు. శనివారం రాత్రి అక్క దగ్గర దానంతటదే బయటికొచ్చింది మాట: “నన్ను చూసి నవ్వారని కాదే. ఆయన్ని ఆ మాట అన్నాను చూడు. నా పళ్ళు పెట్టుకుని, నా పక్కన కూర్చున్న మనిషిని.”

“రేపు చెప్పేద్దురు గానీ లెండి” అంది అక్క.

“నోరు రావద్దూ?”

మళ్ళీ ఆదివారం వచ్చింది. నేనూ అక్కా అదే వెనక బల్ల మీద కూర్చున్నాం. మాస్టారు వచ్చాడు. రుమాలు నోటికడ్డం పెట్టుకుని, బావకి బాగా దూరంగా, కిటికీ దగ్గర కూర్చున్నాడు. సభ మొదలవ్వకముందే బావ లేచాడు. చేతిలో పళ్ళసెట్టు గిన్నె.

“నేను పోయిన వారం...”

“పర్లేదు మేస్త్రీ గారూ, అది అందరం మర్చిపోయాం. కూర్చోండి” అంది టీచరమ్మ, పాపం మంచిగానే. వెంటనే సూది పెట్టేసింది.

బావ కూర్చున్నాడు. ఆవిడ దయ ఆయన మెడ మీద బండరాయిలా కూర్చుంది, నాకు వెనక్కి కూడా కనబడింది. మాస్టారు ఒక్కసారి ఇటు చూసి, కిటికీ వైపు తిరిగిపోయాడు. పాట మొదలైంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. వింటున్నారో, బావని చూడకుండా తప్పించుకుంటున్నారో నాకు తెలీదు.

సరిగ్గా పాట మంచి పట్టులో ఉండగా బావ లేచి నిలబడ్డాడు.

“మాస్టారు దొంగ కాదు!” అని అరిచాడు. ఆ అరుపుకి గ్రంథాలయంలో పుస్తకాలన్నీ పేజీలు తిప్పుకున్నాయి. “దొంగ అన్నవాడు వెధవ. మీరందరూ మర్చిపోకండి! రికార్డు నాదే, చిగురూ నాదే. మీరు నవ్వితే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ఆయన మొహానికి పూశాను.”

టీచరమ్మ చూసింది, ఆ పాలు విరిచే చూపు. కానీ సూది పైకెత్తింది. హాలంతా బాకా మాస్టారి వైపు తిరిగింది.

మాస్టారు చెయ్యి చాపాడు. బావ గిన్నె పట్టుకెళ్ళాడు. మాస్టారు పళ్ళు తీసుకుని, గోడవైపు తిరిగి పెట్టుకుని, దవడ రెండుసార్లు ఆడించి చూసుకున్నాడు.

“కూర్చో” అన్నాడు, తన పక్క కుర్చీ చూపించకుండా. “నిక్షేపంలాంటి పాట పాడుచేశావు. మళ్ళీ మొదట్నుంచి వెయ్యండమ్మా.”

బావ ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చున్నాడు. పాట మళ్ళీ మొదటికొచ్చింది, చివరిదాకా నడిచింది, జనం చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం రెండు మోకాళ్ళ మధ్యకి చూస్తూ అలాగే ఉండిపోయాడు.

ఇంటికొస్తుంటే దారిలో ఉండబట్టలేక అడిగాను, “ఇవాళ పాడింది మగా ఆడా బావా?” అక్క నా వీపు మీద ఒక్కటిచ్చింది.

“నాకేం తెలుసు మరదలా. తల దించుకుని ఉన్నాను.”

“తల దించుకుంటే చెవులు మూసుకుపోతాయేంటి?”

“మూసుకుపోతాయి” అన్నాడు.