మగ్గం గుంతలో ఎలుక

నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడలేని ఆడపిల్ల వల్ల ఎవరికీ హాని లేదనుకునేవాళ్ళు ఒకసారి మా వదినను అడగాలి. గయ్యాళి మనిషి మహా అయితే తిడుతుంది. నేను ఒక్క మాట తూలకుండా, కడుపుతో ఉన్న మనిషికి మూతి వాచేలా చేశాను. అది చాలదని మరుసటి వారం ఆమె చేతికి ఏ గతి పట్టించానో ముందే చెప్పేస్తే మీరు నన్ను క్షమించరు. అందుకని మెల్లగా చెబుతాను.

మాది సోమందేపల్లె. పట్టుచీరలు నేసే ఇల్లు. ఇంట్లో నాయన, అవ్వ, అన్న, అన్న భార్య సరళ వదిన, అందరికంటే చివర తలుపు వెనక నేను. ముందు గదిలో గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించుకుని, గట్టు మీద కూర్చుని నాయన నేసేవాడు. గట్టంతా ఎర్రమట్టితో అలికి ఉండేది. గాలి పొడిబారితే పట్టుపోగులు పుటుక్కున తెగుతాయి కాబట్టి పొద్దునా మధ్యాహ్నం గుంత చుట్టూ నీళ్ళు చల్లేవాళ్ళం. అప్పుడు లేచే వాసన! మా సీమకు వాన చుట్టపుచూపుగా వస్తుంది. మాకు తొలకరి అంటే ఆ నాలుగు చెంబుల నీళ్ళే. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వాసన, నాయన మగ్గం చప్పుడు, పక్కనే వదిన రాట్నం మీద కండెలు చుట్టే గరగర, మూడూ కలిసే వస్తాయి.

ఐదేళ్ళ కిందటి మాట. నాకు పంతొమ్మిది. వదినకు ఐదో నెల. అంతకుముందు ఏడాది ఆమెకు ఒక కడుపు మూడో నెలలోనే పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్ళు కారు. కానీ వదిన దగ్గితే చాలు, నలుగురం తలలెత్తి చూసేవాళ్ళం. అలాంటి సమయంలో నర్సమ్మ వదిన వేలు పొడిచి చూసి, రక్తం ఏడున్నరే ఉందని చెప్పింది. ఉండవలసింది పదకొండట.

మా వీధి ఆశా కార్యకర్త ఓబుళమ్మక్క ఎర్రటి ఐరన్ మాత్రల అట్టలు తెచ్చి, ఇంట్లో ఇంతమందిని వదిలేసి నా చేతిలో పెట్టింది.

"భారతీ, నువ్వు సదువుకున్న పిల్లవి. రోజుకు రెండు మింగిచ్చి ఈ కార్డులో టిక్కు పెట్టు. ఏడో నెలకి తొమ్మిదన్నా దాటకపోతే అనంతపురం పెద్దాస్పత్రికి తీస్కపోయి రక్తం ఎక్కియ్యాల, చెప్తాండా."

"సరేక్కా" అన్నాను. ఆ రోజుకు నా సంభాషణ అంతే.

కాని బాధ్యత అంటే నాకు ప్రాణం. పద్ధతిగా వదిన పక్కన మాత్ర పెట్టి, మర్యాదగా వేడివేడి టీ గ్లాసు కూడా పెట్టి, ముఖం అటు తిప్పుకునేదాన్ని. ఒక మనిషి నోట్లో ఏదైనా వేసుకుంటుంటే గుడ్లప్పగించి చూడటం ఏం మర్యాద? దిష్టి కూడానూ. ఖాళీ గ్లాసు చప్పుడు వినగానే టిక్కు పెట్టేదాన్ని. నెల తిరిగేసరికి కార్డు నిండా ముత్యాల్లాంటి టిక్కులు. వదిన ముఖం మాత్రం ఉతికిన తెల్లపంచెలా అలాగే ఉంది.

ఆ రోజుల్లోనే మగ్గం గుంత గట్టు తరుగుతున్నట్టు కనిపెట్టాను. ముందు ఉసిరికాయంత గుంట. రెండు రోజులకు నిమ్మకాయంత. నాయనకు చూపించాను. ఆయన చేతిలోంచి పేక పోగు విసిరే నాడె జారిపోయింది.

"ఎలుక! ఇది పడుగు మింద పడిందంటే మూడు చీరలు గంగలో కలిసినట్లే. రేపే మందు తెచ్చి పెడతా."

అవ్వ వంటింట్లోంచి కేకేసింది. "ఏమప్పా, కడుపుతో ఉండే పిల్ల తిరిగే ఇంట్లో ఇసం పెడతావా? బుద్ధుండాదా నీకు?"

వదిన తల వంచుకుని కండెలు చుట్టుకుంటోంది. "ఎలుకేముందిలే మామా, మట్టే గదా, మల్లా అలుకుదాం" అంది. ఎంత శాంతమూర్తి అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి నేను ఎలుకల శాస్త్రంలో దిగాను. నా డైరీలో ఆ పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. 'ఎలుక వచ్చు వేళ: మధ్యాహ్నం రెండు నుంచి మూడు, అందరూ కునుకు తీసేటప్పుడు. నీళ్ళు చల్లిన రోజు ఎక్కువ తవ్వుతుంది. పంటి గాట్లు లేవు, గోటి గాట్లున్నాయి. పెంటికలు ఎక్కడా లేవు. చాలా శుభ్రమైన ఎలుక.' ఇంత రాసి కూడా అనుమానం రాలేదంటే, పుస్తకాలు చదివితే తెలివి పెరుగుతుందన్న మాట మీద మీరే ఒక అభిప్రాయానికి రండి.

ఏదో పాత వారపత్రికలో గృహిణులకు చిట్కాలు అన్న పేజీ దొరికింది. మట్టిలో మిరప్పొడి కలిపి కన్నం పూడిస్తే ఎలుకలు మళ్ళీ రావట. పావుకిలో మిరప్పొడి ఎర్రమట్టిలో పిసికి, గుంట పూడ్చి, నున్నగా అలికాను. రంగులో రంగు కలిసిపోయింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వదిన పెరట్లో తొట్టి దగ్గర చెంబులకు చెంబులు నీళ్ళు పుక్కిలిస్తోంది. పెదవులు టమాటాల్లా ఉబ్బాయి.

"ఏమైంది వదినా?"

"ఏం ల్యాదు. పొద్దున ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ తింటి గదా."

అవ్వ చూసి, "పొద్దున తిన్న బజ్జీ మద్యాన్నం మండుతుందా మ్మే?" అంది.

"ఇత్తనాలు పంట్లో ఇరుక్కున్యాయి అవ్వా!"

ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నవాళ్ళ గురించి విన్నాం. ఎలుక బాధకు వదిన నోరు తగలబెట్టినది మాత్రం నేనొక్కతెనే అయి ఉంటాను. ఆ పాపం తెలియక ఆ సాయంత్రం డైరీలో 'విజయం' అని రాసి కింద రెండు గీతలు గీశాను.

మూడు రోజులకు గట్టుకు అవతలి వైపు కొత్త గుంట పడింది. నాయన తల పట్టుకున్నాడు. "కారం తిని అలవాటైన సీమ ఎలుక ఇది. ఇంగ వల్లకాదు." అన్న పట్టు నూలు కోసం హిందూపురం పోతూ, నా చెవిలో, "జిగురు అట్ట తెచ్చిస్తా, అంటుకుంటే కదల్లేదు" అన్నాడు. ఆ సాయంత్రమే తెచ్చాడు. పైన కాగితం తీసి, కొత్త గుంట పక్కన పరిచి, కనపడకుండా మట్టిపొడి సన్నగా చల్లాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పడమంటే మాట్లాడాలి కదా!

మరుసటి రోజు మధ్యాహ్నం రెండున్నరకు గావుకేక వినిపించింది. నేను, అవ్వ, నాయన పరిగెత్తాం. సరిగ్గా అప్పుడే ఓబుళమ్మక్క కూడా కొత్త మాత్రలతో గడప తొక్కింది. చూద్దుము కదా, గట్టు పక్కన వదిన. కుడి చేయి అట్టకు అంటుకుని ఉంది. విడిపించుకోవడానికి ఎడమ చేయి పెట్టినట్టుంది, అదీ అంటుకుంది. రెండు చేతులూ జోడించి ఎలుకదేవుడికి దండం పెడుతున్నట్టు కూర్చుంది. పెదవి అంచున ఎర్రమట్టి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర జిగురు అట్ట లేదు కాబట్టి.

"ఇదేం ఎలుకనే తల్లీ, గాజులేసుకోని ఉండాది!" ఓబుళమ్మక్క గడప మీదే కూలబడి నవ్వింది. అవ్వ నవ్వుతూనే శెనక్కాయ నూనె తెచ్చి వదిన వేళ్ళకు రుద్దింది. నేను మాత్రం గోడలో కలిసిపోవడానికి ప్రయత్నించాను.

నాయన నవ్వలేదు. "ఆ పొద్దు నేను మందు తెచ్చింటే..." అని ఆగిపోయాడు. వదిన ఒక్కసారిగా ఏడ్చేసింది.

"ఏం చేయాల్నో తెలీదు మామా. నీళ్ళు చల్లితే నోరు ఊరుకోదు. సిగ్గుతో చచ్చిపోతాండా."

ఓబుళమ్మక్క పక్కన కూర్చుని ఆమె కంటి కింద రెప్ప లాగి చూసింది. "సిగ్గేం ల్యాదు సరళా. రక్తం తక్కువైతే మట్టి మీదికి, బియ్యం మీదికి మనసు పోతాది. ఆ మట్టి తింటే కడుపులో పురుగులు పడి, ఉండే రక్తం గూడా పోతాది. మరి నెలంతా మాత్రలు మింగితివి గదా? భారతీ, కార్డు తే."

ముత్యాల్లాంటి టిక్కులు చూపించాను. వదిన నా వైపు జాలిగా చూసి, మగ్గం గుంత వైపు చూసింది. నాయన గుంతలోకి దిగాడు. తొక్కుడు కర్రల వెనక మూలలో మాత్రలన్నీ తేమకు కరిగి ఎర్రటి ముద్దయి ఉన్నాయి.

"కాళ్ళకు ఎర్రగా అంటుకుంటాంటే పట్టు రంగు అనుకుంటి గదే!" అన్నాడు నాయన.

"అన్నా, నీ పాదాలకు రక్తం బాగా పట్టింటాదిలే" అంది ఓబుళమ్మక్క.

నెల రోజులుగా మా ఇంట్లో ఇనుమంతా మట్టికి పోతోంది, మట్టంతా వదినకు పోతోంది. మధ్యలో నేను కూర్చుని శ్రద్ధగా టిక్కులు పెడుతున్నాను.

"ఆ మాత్రల వాసనకే కడుపులో తిప్పుతాంది అక్కా. పైగా అవి మింగితే బిడ్డ నల్లగా పుడతాదని అవ్వ చెప్పె" అంది వదిన.

అవ్వ నూనె చెయ్యి ఊపింది. "మాకు మా అత్త చెప్పె. నేనూ ప్రతి కడుపుకూ గోడ గోక్కోని తిన్నదాన్నే."

"అందుకే గదవ్వా నువ్వు కాన్పు కాన్పుకూ కళ్ళు తిరిగి పడింది!" అని ఓబుళమ్మక్క నా వైపు తిరిగింది. "టీతో ఇస్తాండావా మాత్ర? టీతో ఇస్తే మింగినా వంటికి పట్టదు పిల్లా! అన్నం తిన్నాక ఇయ్యి, నిమ్మకాయ నీళ్ళతో. మింగిందో ల్యాదో నోరు తెరిపిచ్చి చూడు."

పరాయి మనిషితో కళ్ళు కలపలేని నాకు అది ఉరిశిక్షే. మొదటి రోజు నేల చూపులు చూస్తూ, "వదినా... ఆ అను" అన్నాను.

"ఆ..."

"నాలిక ఎత్తు."

"పోలీసోళ్ళు గూడా ఇట్ల చూడరు గదే!" అని వదిన నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైంది. తర్వాత్తర్వాత ఆ రెండు పూటలే మా ముచ్చట్ల వేళలయ్యాయి. నా పంతొమ్మిదేళ్ళ బతుకులో అన్ని మాటలు నేనెవరితోనూ మాట్లాడలేదు. అవ్వ రాగి సంగటితోపాటు రోజూ ఆకుకూర పప్పు చేసేది. నాయన గుంత శుభ్రం చేసి, గట్టు దగ్గరున్న వదిన రాట్నాన్ని అవతలి గదిలోకి మార్చాడు.

ఏడో నెలలో నర్సమ్మ మళ్ళీ వేలు పొడిచింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది. నేను ఆసుపత్రి వరండాలో, నలుగురి ముందు, వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దాస్పత్రి తప్పింది. సీమంతం చేసి, వదినను కాన్పుకు పుట్టింటికి, యాడికి అనే ఊరికి పంపించాం.

కథ ఇక్కడ ముగిస్తే నాకు గౌరవంగా ఉండేది.

వదిన వెళ్ళిన పదిహేను రోజులకు నాయన మగ్గం దగ్గర్నుంచి పిలిచాడు. గొంతు వింతగా ఉంది. "కోడలు చూస్తే యాడికిలో ఉండాది. మరి ఈ గట్టు ఎవరు గోకినారప్పా?"

"నన్ను సూడొద్దు, నాకు పండ్లూడి పదేండ్లాయె" అంది అవ్వ.

నేను దూలాల వైపు చూశాను. చెప్పుకోవాలంటే నా తప్పేం లేదు. మట్టి తినాలన్న కోరిక గురించి డైరీలో రాద్దామని కూర్చున్నాను. రుచి తెలియకుండా వర్ణించడం అన్యాయం అనిపించింది. చిటికెడు తిన్నాను, సాహిత్యం కోసం. మర్నాడు ఇంకో చిటికెడు, సరిచూసుకోవడం కోసం. ఆ తర్వాత కారణాలు వెతుక్కోవడం మానేశాను.

"భారతీ, చేతులు చూపీ" అన్నాడు నాయన.

చూపించాను. గోళ్ళ నిండా ఎరుపు.

"పట్టు రంగు, నాయనా."

"పట్టు రంగని ఒకసారి మోసపోయినా. రెండోసారి పోను."

ఓబుళమ్మక్క నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి వేలు పొడిపించింది. ఏడు. వదినకు మొదట ఉన్నదాని కంటే అర తక్కువ. వార్త బస్సు కంటే ముందే యాడికి చేరింది. ఆ సాయంత్రం వదిన వీడియో కాల్ చేసింది.

"మాత్ర మింగినావా పిల్లా?"

"ఆ, మింగినా."

"ఫోను నోటి దగ్గర పెట్టు. ఆ అను. నాలిక ఎత్తు. ఇంగా ఎత్తు! మామా, ఆ జిగురు అట్ట ఇంగొకటి తెప్పియ్యి!"

వదినకు పాప పుట్టింది, బంగారు బొమ్మలా, నిండు బరువుతో. నా రక్తం పదకొండు దాటేసరికి ఆ పాప బోర్లా పడటం నేర్చింది. ఇప్పుడు నాలుగేళ్ళు దాటిన దానికి వారానికి రెండుసార్లు ఐరన్ చుక్కలు వేసే పని నాదే. చుక్క గొంతు దిగేదాకా కళ్ళు తిప్పను.

కావున సోమందేపల్లె వాస్తవ్యురాలు భారతి అను నేను, నిండు స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రతిజ్ఞ చేయునది ఏమనగా: ఇకమీదట మా ఇంట్లో ఏ గోడ తరిగినా, ఏ గట్టు కరిగినా, మొదట నా గోళ్ళు చూసుకున్న తర్వాతే ఎలుకను అనుమానిస్తాను.