సాంచెలు ఆగిన పూట

ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. డైరీలో కూడా రాయలేదు. కంప్యూటర్ బిగిస్తూ ప్రాసెసర్ మీది మీట నొక్కేటప్పుడు నేను కళ్లు మూసుకున్నాను.

సిరిసిల్లలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచెలు నడుస్తాయి. బట్ట నేసే ఆ మిషన్ల నుంచి లేచిన నూలు పొట్టు ఇంట్లో ప్రతి వస్తువులోకీ దూరుతుంది. నా పాత ల్యాప్‌టాప్ దాంతోనే ఊపిరాడక చచ్చిపోయింది. చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పి కూడబెట్టిందంతా పెట్టి, ముందు గదిలో టీవీకి తగిలించి గేములు ఆడుకునే కంప్యూటర్ కొనాలనుకున్నాను. నలుగురిలో నోరు విప్పలేని నేను ఆటలో మాత్రం ఎవరి ఎదుటికైనా పోగలను. ఇదీ పోతే మరొకటి కొనే దారి లేదు.

జగిత్యాల దుకాణంలో రెడీమేడ్‌ది చూపించారు. మిఠాయి డబ్బా అంత ఉంది. వైరు తగిలిస్తే చాలు. నాకు ప్రాణం లేచొచ్చింది. నా వెంట వచ్చిన బాపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు.

“పొట్టు వడితే ఎట్ల తెరుసుడు?”

“తెరవద్దు. సీల్ తీస్తే గ్యారంటీ పోతది,” అన్నాడు దుకాణం అతను.

బాపు డబ్బా కింద పెట్టేశాడు.

తర్వాతి వారం కోరుట్ల పోయాం, విడిగా పార్టులు అమ్మే భాయ్ దగ్గరికి.

“మేమే బిగిచ్చి ఇస్తం బేటీ, నీకెందుకు పరేషాన్?” అన్నాడు భాయ్. నేను తల ఊపబోయాను.

“వద్దు భాయ్, మా బిడ్డనే బిగిస్తది,” అన్నాడు బాపు. “రేపు పొట్టు ఇరికితే నువ్వొస్తవా సిరిసిల్లకు?”

“ముందుగాల నీ బిడ్డ మొకం జూడు. గిప్పుడే ఏడ్సేటట్టున్నది!” అని నవ్వాడు భాయ్.

ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. వీడియోల్లో చూసిన, ప్రాసెసర్ కింద ఉండే సన్నటి పిన్నులు కలలో ఒక్కొక్కటే వంగిపోయేవి.

ఆదివారం పొద్దున బల్ల తుడిచి అట్టపెట్టెలు విప్పాను. ఉన్నట్టుండి సాంచెలు ఆగిపోయాయి. కరెంటు పోయిందనుకున్నాను. బాపు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

“పొట్టు లేవకుంట బంద్ వెట్టిన. కానియ్యి.”

“సద్దుల బతుకమ్మకు సుత ఆపని మనిషి!” అంది అమ్మ వంటింట్లోంచి.

మా ఇల్లు పట్టపగలు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ ఎరగను. నేను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టిన చప్పుడు కూడా అందరికీ వినిపించింది. సాంచెలు ఆగితే ఆ పూట కూలి లేనట్టే. అది కూడా నా చేతుల మీదే పడింది. ప్రాసెసర్‌ను దాని చోట పెట్టి, కళ్లు మూసుకుని మీట నొక్కాను. ఏదో విరిగినట్టు కరకరమంది.

అన్నీ బిగించి స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. టీవీ నల్లగానే ఉంది. మొదటిసారి ఆలస్యమవుతుందని చదివాను, అయినా టీవీ వైరు మళ్లీ ఒకసారి నొక్కి చూశాను. అమ్మ గరిటెతోనే వచ్చి బాపు పక్కన నిలబడింది.

చాలాసేపటికి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. నేను వాటిని పైకే చదివాను.

బాపు షెడ్డు వైపు నడుస్తూ గుమ్మంలో ఆగాడు.

“మల్లెప్పుడన్న తెరిస్తే కండ్లు మూసుకోకు బిడ్డా. సాంచె కాడ గట్ల జేస్తే ఏలు పోతది.”