తడి సంచి బరువు

ఆ పరిశోధన కేంద్రంలో పిట్టను పట్టుకునేవాళ్ళకు మాట్లాడే పని లేదు; మాట్లాడేవాళ్ళకు పిట్టతో పని లేదు. సంచులక్కది మొదటి జాతి. పంతొమ్మిదేళ్ళుగా వలస కాలమంతా ఆమె పని ఒకటే: తెల్లవారగానే రెల్లుపొదల్లో వలకు చిక్కిన పాటపిట్టలను గుడ్డసంచుల్లో తేవడం, సంచితో సహా తూచడం, సంచి బరువు తీసేసి పుస్తకంలో రాయడం, కాలికి కడియం తొడిగి వదిలేయడం, పేజీ కింద సంతకం చేయడం. తనదని చెప్పుకోవడానికి ఆమెకు ఆ సంతకమే మిగిలింది.

రెండో జాతికి పెద్ద ఆచార్యుడు. ఆయన పిట్టను తాకి పదేళ్ళయింది. ఈ ఏడాది పిట్టలన్నీ రెండేసి గ్రాములు ఎక్కువ తూగడం చూసి, రాబోయే ప్రయాణపు కష్టాన్ని పిట్ట ముందే ఊహించి కొవ్వు పెంచుకుంటుందని తేల్చేశాడు. తెలియనిదానికి పేరు పెట్టి తెలిసిందనుకోవడం పండితులకు పాత జబ్బే. దీనికి పెట్టిన పేరు ముందుచూపు సిద్ధాంతం.

ఒక ఉదయం దారిలో పిట్ట జారిపోతే, సంచులక్క పరాకున ఖాళీ సంచినే త్రాసు మీద పెట్టింది. ఎప్పుడూ తీసేసే సంచి బరువు కంటే రెండు గ్రాములు ఎక్కువ చూపింది. ఆమె నేరుగా ఆచార్యుడి గదికి వెళ్ళింది.

"సార్, పిట్టలు బలవలేదండీ. ఈ ఏడు మా ఆయన కుట్టిన దళసరి సంచులు మంచు తాగుతున్నాయి. మనమేమో పొడి సంచి బరువే తీసేస్తున్నాం."

"చూడమ్మా, నువ్వు సంచుల సంగతి చెప్పు, వింటాను. పిట్టల సంగతి నాకొదిలెయ్."

"సంచుల సంగతే చెప్తున్నానండీ."

"రెండు గ్రాముల మంచుకి ఇంత రాద్ధాంతమా?"

"తమరి సిద్ధాంతమూ రెండు గ్రాములేగా అండీ."

ఆచార్యుడి నవ్వు ఆగిపోయింది. "రేపు సభలో నా సిద్ధాంతం చదవాలి. బరువుల పట్టిక కింద సంతకం పెట్టి పంపు. లేదా వచ్చే ఏడు ఇంట్లోనే ఉండు."

ఇంట్లో దర్జీ భర్త తల పట్టుకున్నాడు. "గుప్పెడు లేని పిట్ట కోసం ఉద్యోగం ఊడగొట్టుకుంటావటే? పైగా తప్పంతా నా కత్తెరదంటావ్."

"నీ కత్తెరకి ముందుచూపు లేదులే. అదంత చదువుకోలేదు."

"నవ్వులాట కాదు. ఒక్క సంతకమేగా, గీకి పారెయ్."

"పిట్ట ఎగిరిపోతుందయ్యా. ఇక్కడుండేది సంతకమే."

మర్నాడు సభలో ఆ పట్టికను గోడంత తెర మీద చూపించారు. అడుగున సంతకం గడి తలుపంత వెడల్పున ఖాళీగా తెల్లబోయి ఉంది. ఆవగింజంత పిట్ట మనసులో ఊహను చూడగలిగిన ఆ మహానుభావుల్లో ఒక్కరికీ అది కనబడలేదు. చప్పట్లు మోగాయి. వెనక వరుసలో కూర్చున్న సంచులక్క, పాడుబడ్డ ఇంట్లో ఎవరూ లేరని తేలాక వెనుదిరిగే మనిషిలా లేచి బయటికి నడిచింది.

వలస కాలం ముగియడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. మరుసటి ఉదయం ఆమె పుస్తకంలో కొత్త గడి ఒకటి గీసింది: తడి సంచి. పిట్టను తూచి వదిలేసింది. ఖాళీ సంచిని మళ్ళీ తూచి, ఆ బరువు తీసేసింది. పన్నెండు గ్రాములు. ఎప్పటి పిట్టే.

పేజీ నిండాక, కింద సంతకం పెట్టింది.