కోడి మీది, వంట మాది

కొత్త జిల్లాలు ఏర్పడ్డ మరుసటి ఎండాకాలం నన్ను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్‌కు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. మంచిర్యాల అదనపు బాధ్యత. తిండి తనిఖీ చేసేవాడు బయట తినడానికి భయపడతాడని అందరూ అనుకుంటారు. నేను మాత్రం క్యాంపు వేసుకునేదే సగం తిండి కోసం. పొద్దున ఆదిలాబాద్‌లో వేడివేడి అటుకుల పోహా, మధ్యాహ్నం జొన్నరొట్టెలోకి శనగపిండితో చేసిన పిట్ల, చెన్నూరు వైపు పోతే గోదావరి చేపల పులుసు. తనిఖీ చేసిన హోటల్లో మాత్రం ఆ రోజు చాయ్ కూడా ముట్టేవాణ్ని కాదు.

ఆ వేసవిలోనే ఇచ్చోడ దగ్గర రోడ్డు పక్కనున్న ఒక రేకుల హోటల్ మీద ఫిర్యాదు వచ్చింది. దాన్ని నడిపేది సుశీల, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఆమె భర్త గంగారాం. వాళ్లకు వేరే ఆధారం లేదు. అటువైపు చాలాచోట్ల ఒక పద్ధతి ఉంది. ప్రయాణికులు కోడినో మటన్‌నో కొని తెచ్చిస్తే హోటల్ వాళ్లు వండి, రొట్టెలు చేసి పెడతారు. అలా తిని మంచిర్యాల దగ్గరి నస్పూర్‌కు వెళ్లిన ఒక కాంట్రాక్టరు కుటుంబం వాంతులతో దవాఖానాలో చేరింది. హోటల్ మూయించాలని ఆయన పట్టుబట్టాడు. అనుమానం ఉంటే మూసివేతకు సిఫారసు రాసేయమని నా పైఅధికారి కూడా ఫోన్‌లో చెప్పారు.

మామూలుగా నమూనా తీసి, నాలుగు భాగాలు చేసి, సీలు వేసి, ఒకటి ప్రయోగశాలకు పంపుతాం. నేను వెళ్లేసరికి ఇక్కడ నమూనా తీయడానికి కూరే మిగల్లేదు. ఆనాటి గిన్నెలు కడిగేసి అప్పటికే రెండు రోజులైంది. నీళ్ల డ్రమ్ముకు మూత లేదని ఒక లోపం దొరికింది. ఆ ఒక్కటి చాలు, ఎవరి బతుకైనా మూయడానికి. నాకు ఆ పని రుచించలేదు.

నేను రాసుకుంటుండగానే జీపులో వచ్చిన వేరే ప్రయాణికులు కోడిని తెచ్చిచ్చారు. కూర ఉడికి పొయ్యి మీది నుంచి దించగానే సుశీల మొదటి గరిటె ఒక చిన్న గిన్నెలో వేసి, మూతపెట్టి, లోపల దాచింది. నా కళ్లముందే గిరాకీగా వచ్చినవాళ్ల కూర కాజేస్తోందని ఒళ్లు మండింది. జీపు వాళ్లకు చెబితే నవ్వారు. ‘గది వాళ్ల వంతు సార్, వండినోళ్లకు ఇయ్యకుంటే ఎట్ల?’ అన్నారు.

అయితే మొన్న కాంట్రాక్టరు వాళ్లకు వండిన కూరలో మీ వంతు ఏమైందని సుశీలను అడిగాను.

‘మేమే తిన్నం సార్, మా అత్త గూడ తిన్నది. ముసలిదానికి సుత ఏం కాలే. గా మాట మమ్ముల ఎవ్వరు అడగలే,’ అంది.

అత్తను పిలిపించి మాట్లాడాను. నిక్షేపంగా ఉంది. మర్నాడు నస్పూర్ వెళ్లాను. కాంట్రాక్టరు కారు డ్రైవర్ కూడా ఇచ్చోడలో వాళ్లతోపాటే తిన్నాడట. అతనికీ ఏమీ కాలేదు. ‘మిగిలిన కూర టిఫిన్ డబ్బాల కట్టుకొని డిక్కీల పెట్టిన్రు సార్. మాపటికి ఇంటికాడ మల్ల తిన్నరు. నేను అప్పటికే ఇంటికి పోయిన,’ అన్నాడు. కాంట్రాక్టరు కూడా, కొంచెం ముఖం మాడ్చుకునే, ఔనన్నాడు. పొద్దంతా ఎండలో కాగిన కారు డిక్కీలో ఆ కూర ఏమై ఉంటుందో చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు.

మూసివేత అవసరం లేదనీ, డ్రమ్ముకు మూత పెట్టించాలనీ నోటీసు రాశాను. పైఅధికారి రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. హోటల్ ఒక్క రోజు కూడా మూతపడలేదు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా ఇలాంటి ఫిర్యాదు ఏది వచ్చినా, జబ్బుపడ్డవాళ్ల దగ్గరికి పోయే ముందు, అదే తిండి తిని బాగున్నవాళ్లు ఎవరని వెతికేవాణ్ని. వాళ్లు ఫిర్యాదు చేయరు కాబట్టి వాళ్ల సంగతి ఎవరూ అడగరు.